పూలకుండీ కింద దొరికింది అసలు పురుగేనా? కాళ్ళు లెక్కపెడితే 14 వస్తున్నాయి

కుండీకింద_కుతూహలం
మా అమ్మాయికి అకశేరుకాల పాఠం నడుస్తోంది. వర్గం, లక్షణాలు, ఉదాహరణలు అని మూడు గళ్ళ పట్టిక ఇచ్చి బట్టీ పట్టమన్నారట. నిన్న ఆ పట్టిక పట్టుకుని తిరుగుతూ పూలకుండీ ఒకటి పక్కకి జరిపింది. కింద తడి మట్టిలో బూడిదరంగు పురుగులు పదో పన్నెండో ఉన్నాయి. నా చిటికెన వేలి గోరంత పొడుగు. వీపు మీద అడ్డంగా పలకలు పేర్చినట్టుంది. ముట్టుకుంటే చాలు, గోళీలా ఉండ చుట్టేసుకుంటున్నాయి. "అమ్మా, ఇది ఏ వర్గం?" అంది. కీటకం అన్నాను. "కీటకానికి 6 కాళ్ళేగా, దీనికి 14 ఉన్నాయి" అంది. సాలెపురుగుల బాపతు అందామంటే 8 దాటిపోయాయి. జెర్రి అందామంటే కాళ్ళు చాలవు. పట్టికలో ఏ గడిలోనూ ఇమడట్లేదు.

దాంతో నాకు పట్టిక మీదే చిరాకొచ్చింది. వెన్నెముక లేనివన్నీ కలిపి అకశేరుకాలు అని ఒకే మూట కట్టడమేమిటి? లేనిదాన్ని బట్టి పేరు పెడతారా ఎవరైనా? ఇంట్లో సామానంతా "కుర్చీలు", "కుర్చీలు కానివి" అని సర్దినట్టుంది.

రోకలిబండ_రాజు
రోకలిబండ. కళ్ళు మూసుకుని చెప్తా.

ఎనిమిదికాళ్ళు
కళ్ళు తెరిచి చెప్పు రాజూ. రోకలిబండ చుట్ట చుట్టుకుంటుంది. ఆవిడ ఉండ అంటున్నారు.

రోకలిబండ_రాజు
పొట్టిగా, బండగా ఉండి గోళీలా చుట్టుకునే రోకలిబండలు కూడా ఉన్నాయి. నా పేరు చూసి ఎగతాళి చేసే ముందు కాస్త చదువుకో.

లెన్స్‌బాబు
రాజు చెప్పింది నిజమే, అలాంటివి ఉన్నాయి. కానీ ఈ తగువు తీర్చడానికి వీపు చూసి లాభం లేదు, పొట్ట చూడాలి. శుభ్రమైన గాజు గ్లాసులో ఒకదాన్ని వేసి అడుగు నుంచి చూడండి. రోకలిబండ అయితే నడుం భాగంలో ఒక్కో ఖండానికి, అంటే ఒంటి ఉంగరానికి, 2 జతల కాళ్ళుంటాయి. జెర్రికి ఒక్కో ఖండానికి ఒకే జత. మీరు చెప్పిన 14 అంటే 7 జతలు. నాకు అనుమానం ఒకటుంది, చూసొచ్చాక చెప్తా. మీసాలు కూడా చూడండి.

సందేహాలరావు
జెర్రికి 100, రోకలిబండకి 1000 కదా కాళ్ళు?

లెన్స్‌బాబు
రెండూ కాదు రావుగారూ. పెద్దయిన జెర్రికి కాళ్ళ జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. జాతిని బట్టి 15 జతల నుంచి 191 జతల దాకా. 100 కాళ్ళంటే 50 జతలు, సరిసంఖ్య. కాబట్టి సరిగ్గా 100 కాళ్ళున్న జెర్రి దొరకదు. రోకలిబండల్లో మాత్రం నిజంగానే 1000 దాటినది ఒకటి బయటపడింది. ఆస్ట్రేలియాలో బోరు రంధ్రాల్లో, దాదాపు 60 మీటర్ల లోతున. 2021లో దాన్ని వర్ణించారు. 1306 కాళ్ళు, కళ్ళు లేవు.

నత్తనడక
మరి "వెయ్యికాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితే ఏం" అన్న సామెతని ఏం చేద్దాం?

ఎనిమిదికాళ్ళు
సామెత జోలికి పోకు. పైగా చాలా జెర్రులకి విరిగిన కాలు తర్వాతి కుబుసాలతో మళ్ళీ వస్తుంది. కాబట్టి నిజంగానే "ఏం".

కుండీకింద_కుతూహలం
గ్లాసులో వేసి చూశాం. ఒక్కో పలక కింద ఒక్క జతే. మొత్తం 7. అన్ని కాళ్ళూ దాదాపు ఒకే తీరులో ఉన్నాయి. మీసాలు ఒక జతే కనిపించాయి, మోచెయ్యి మడిచినట్టు మధ్యలో వంగి ఉన్నాయి. తోక వైపు పొట్ట కింద చిన్న చిన్న రేకులున్నాయి. వాటి మీద సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లగా నాలుగు మచ్చలు. అవేంటి?

జువాలజీ_మాస్టారు
ఆ మచ్చలే అసలు సంగతి చెప్పేస్తున్నాయి. అమ్మాయికి చెప్పండి, తను పట్టుకున్నది పీతకీ రొయ్యకీ దగ్గరి చుట్టం. క్రస్టేషియా. అందులో ఐసోపోడా అనే క్రమం. సమానమైన కాళ్ళున్నవి అని ఆ పేరుకి అర్థం, అన్నీ ఒకే తీరులో ఉన్నాయని మీరే రాశారు కదా. క్రస్టేషియన్లకి మీసాలు రెండు జతలు. వీటిలో మొదటి జత మరీ పొట్టిది, మామూలు కంటికి దొరకదు.

ఇక ఆ రేకులు. నీళ్ళలో ఉండే చుట్టాలకి అవే మొప్పలుగా పనికొస్తాయి. ఇవి నేల మీదికొచ్చాయి గానీ ఊపిరి సంగతి పూర్తిగా తేల్చుకోలేదు. తెల్లగా కనిపించేవి గాలి పీల్చుకునే సన్నటి గొట్టాల గుంపులు. రేకులు ఎండిపోతే ఊపిరాడదు. అందుకే కుండీ కింద, రాయి కింద, కుళ్ళిన ఆకుల కింద తప్ప ఎండలో కనిపించవు. ఆ గ్లాసులో తడి మట్టీ, నాలుగు ఎండుటాకులూ వెయ్యండి. లేకపోతే రేపటికి చస్తాయి.

లెన్స్‌బాబు
నా అనుమానం అదే మాస్టారూ. కాస్త ముందే చెప్పాల్సింది, పేరు మీరు కొట్టేశారు.

రోకలిబండ_రాజు
సరే, ఓడిపోయా. కానీ రెండు వేర్వేరు గుంపుల జంతువులు ఒకే యుక్తి ఎలా పట్టాయి?

జువాలజీ_మాస్టారు
మెత్తటి పొట్ట, గట్టి వీపు. శత్రువొస్తే పొట్ట దాచుకోవడానికి చుట్టుకోవడం కంటే సులువైన దారి లేదు. ఎవరి దారిన వాళ్ళు అక్కడికే చేరారు. సముద్రం అడుగున ఉండే పెద్ద ఐసోపోడ్‌లు అడుగు దాటి పెరుగుతాయి, అవి కూడా చుట్టుకోగలవు. రూపం ఒకలా ఉందని బంధుత్వం కలిపేయకూడదు.

బట్టీవిక్రమార్క
అంతా బాగానే ఉంది. పరీక్షలో "కుండీ కింది రొయ్య చుట్టం" అని రాస్తే మార్కులెవరిస్తారు? పొరిఫెరా, సీలెంటరేటా, ప్లాటీహెల్మింథిస్, నిమాటోడా, అనెలిడా, ఆర్థ్రోపోడా, మొలస్కా, ఎకైనోడెర్మేటా. ఎనిమిది. నేను ఊగుతూ బట్టీ పట్టా, ఇరవై ఏళ్ళయినా పోలేదు.

నత్తనడక
పేర్లు పోలేదు సరే. నిమాటోడాకీ అనెలిడాకీ తేడా చెప్పు చూద్దాం.

బట్టీవిక్రమార్క
రెండూ పురుగులే.

నత్తనడక
అయ్యింది.

పగడాలదీవి
నవ్వకండి. మన భాషలో "పురుగు" అన్న ఒక్క మాటలో నాలుగైదు వర్గాలు ఇరుక్కున్నాయి. బద్దెపురుగు ప్లాటీహెల్మింథిస్. సాలెపురుగు ఆర్థ్రోపోడా. గొంగళిపురుగు అదే ఆర్థ్రోపోడాలో వేరే కొమ్మ. పైగా వానపాము పాము కాదు, ఏలికపాము పాము కాదు. జెల్లీచేప, నక్షత్రచేప, రెండూ చేపలు కావు. పేర్లు పెట్టినవాళ్ళు ఒక్కదాని పొట్ట కూడా చూసినట్టు లేరు.

జువాలజీ_మాస్టారు
మన భాషనొక్కదాన్నే అనకండి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో జంతువులన్నిటినీ ఆరు తరగతులు చేశాడు. వెన్నెముక ఉన్నవాటికి నాలుగు, మిగతా లోకమంతటికీ రెండు: కీటకాలు, పురుగులు. పీత, తేలు, సాలెపురుగు కీటకాల సంచిలోకి పోయాయి. నత్త, జలగ, జెల్లీచేప పురుగుల సంచిలోకి. 1793లో పారిస్ మ్యూజియంలో ఆ రెండు సంచులూ లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నెత్తిన పెట్టారు. అప్పటిదాకా ఆయన పేరు తెచ్చుకుంది మొక్కల మీద. ఆయనే వాటిని విప్పి పీతల్నీ సాలెపురుగుల్నీ కీటకాల నుంచి వేరు చేశాడు, ఖండాలున్న పురుగుల్ని అనెలిడా అన్నాడు. "వెన్నెముక లేనివి" అన్న పేరు కూడా ఆయన పెట్టిందే.

కుండీకింద_కుతూహలం
అయితే నా ఫిర్యాదు ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది.

ఎనిమిదికాళ్ళు
మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఇప్పటివరకు పేరు పెట్టిన జంతుజాతుల్లో వెన్నెముక ఉన్నవి నూటికి 5 కూడా ఉండవు. ఒక్క ఆర్థ్రోపోడాలోనే 10 లక్షలు దాటాయి. అందులో పెంకుపురుగులే 4 లక్షల దగ్గర. తక్కువమందికున్న గుర్తుతో ఎక్కువమందికి పేరు పెట్టారు.

లెన్స్‌బాబు
నేను ఒప్పుకోను. గుర్తు పట్టడానికి పనికొస్తే చాలు కదా పేరు. "అకశేరుకం" అనగానే ఏం వెతకాలో తెలుస్తుంది.

పగడాలదీవి
ఏం తెలుస్తుంది బాబూ? స్పంజికకీ ఆక్టోపస్‌కీ ఉమ్మడిగా ఏముంది చెప్పు, "లేదు" అన్న మాట వాడకుండా.

లెన్స్‌బాబు
...

నత్తనడక
బాబు లెన్స్ తుడుచుకుంటున్నాడు.

జువాలజీ_మాస్టారు
ఇద్దరికీ చెప్తా. వాడుకకి పేరు మంచిదే, వంశవృక్షంలో మాత్రం అది కొమ్మ కాదు. నక్షత్రచేపని తీసుకోండి. పిండంలో మొట్టమొదట ఒక రంధ్రం పడుతుంది. నక్షత్రచేపలో ఆ వైపు మలద్వారం అవుతుంది, నోరు తర్వాత వేరేచోట తెరుచుకుంటుంది. మనలోనూ అంతే. అంటే అది బొద్దింకకంటే మనకే దగ్గర.

ఇంకా విచిత్రం సీస్క్విర్ట్‌లు. పెద్దయ్యాక రాయికి అతుక్కున్న తోలుసంచిలా ఉంటాయి, ఒక గొట్టంలోంచి నీళ్ళు పీల్చి ఇంకో గొట్టంలోంచి వదులుతాయి. పిల్లదశలో మాత్రం తోకకప్పలా ఈదుతాయి, తోకలో పృష్ఠవంశం అనే మెత్తటి కడ్డీ ఉంటుంది. 1866లో కొవాలెవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త అది చూపించేదాకా వాటిని మొలస్కాలో పడేసేవారు. మనమున్న కార్డేటా వర్గంలోనివే, వెన్నెముక లేదు. ఇప్పుడు మీ పట్టికలో ఎక్కడ పెడతారు?

సందేహాలరావు
మనకి ముందు మలద్వారం ఏర్పడి తర్వాత నోరా. మా ఆఫీసులో కొందరి విషయంలో నాకు ఎప్పటినుంచో అనుమానం.

కుండీకింద_కుతూహలం
రావుగారూ, ఇది మా అమ్మాయి కూడా చదువుతోంది 😄

దాని సందేహం: మెత్తగా, పొడుగ్గా ఉండే పురుగు కనిపిస్తే ఏ వర్గమో ఎలా పోల్చాలి?

లెన్స్‌బాబు
ఇది నాకు వదిలెయ్యండి, ఇందాక పోయిన పరువు తెచ్చుకోవాలి. ముందు కాళ్ళు చూడు తల్లీ. తల వెనకాల కీళ్ళున్న కాళ్ళు 3 జతలుంటే అది కీటకం పిల్లదశ, చాలాసార్లు గొంగళిపురుగు, అంటే సీతాకోకచిలుకో చిమ్మటో అయ్యేది. వెనక మెత్తగా కనిపించే బొడిపెలు అసలు కాళ్ళు కావు, లెక్కలోకి తీసుకోకు. కాళ్ళు లేకుండా ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్టుంటే చాలావరకు అనెలిడా. వానపాముని తడి కాగితం మీద పాకించి చెవి దగ్గర పెట్టుకుని విను, సన్నగా గీరుకుంటున్న చప్పుడు. పొట్ట వైపున్న ముళ్ళలాంటి వెంట్రుకల పని అది. రిబ్బనులా చదునుగా ఉంటే ప్లాటీహెల్మింథిస్. దారంలా రెండు చివర్లా సన్నబడి, ఉంగరాలు లేకుండా నున్నగా ఉంటే నిమాటోడా. అది సాగి ముడుచుకుని పాకలేదు. దాని ఒంటి గోడలో నిలువు కండరాలే ఉంటాయి, చుట్టూ తిరిగే కండరాలు లేవు. అందుకే కొరడాలా అటూ ఇటూ కొట్టుకుంటుంది.

ఎనిమిదికాళ్ళు
గొంగళిపురుగులన్నిటినీ చేత్తో పట్టుకోవద్దని కూడా చెప్పు. బొచ్చువి కొన్ని ఒళ్ళంతా దద్దుర్లు లేపుతాయి.

బట్టీవిక్రమార్క
చిన్నప్పుడు వానపాముని రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయని ఎవరో చెప్తే నమ్మి కోశాను. డబ్బాలో మట్టి పోసి వారం చూశా. తల ఉన్న ముక్క మట్టిలోకి దూరిపోయింది. తోక ముక్క మొదటిరోజు గిలగిల్లాడి, మూడోరోజుకి మెత్తబడి కంపు కొట్టింది. ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

పగడాలదీవి
ఆ కథ ప్లానేరియాది, వానపాముకి అంటగట్టారు. ప్లానేరియా అనే చిన్న చదునైన పురుగుని ఎన్ని ముక్కలు చేసినా చాలా ముక్కలు పూర్తి పురుగులవుతాయి. స్పంజికలది ఇంకా చోద్యం. 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త ఒక స్పంజికని సన్నటి గుడ్డలోంచి పిండి కణాలు కణాలుగా విడగొట్టాడు. ఆ కణాలు పాకుతూ పోయి ఒకదాన్నొకటి పట్టుకుని మళ్ళీ స్పంజికలయ్యాయి. నరాలు లేవు, కండరాలు లేవు, నోరు లేదు. ఒంటినిండా చిల్లులు, లోపల కొరడాల్లాంటి తోకలాడించి నీళ్ళు లాక్కునే కణాలు. అది జంతువంటే మా క్లాసులో ఒక్కరూ నమ్మలేదు.

సందేహాలరావు
జెల్లీచేపకీ మెదడు లేదంటారు. మరి చచ్చినది కూడా కుడుతుందెలా? ఒడ్డున పడి ఎండుతున్నదాన్ని చెప్పు తీసి కాలి వేలితో కదిపాను. కాసేపటికి వేలంతా ఎర్రటి గీతలు, మంట. సాయంత్రం దాకా కుంటాను.

పగడాలదీవి
చెప్పు తియ్యమని ఎవరన్నారు? కుట్టాలని జెల్లీచేప అనుకోనక్కర్లేదు. చర్మంలోని ఒక్కో కుట్టుకణంలో ఒక సంచి, అందులో చుట్టచుట్టిన బోలు దారం ఉంటుంది. తగిలితే కణం తనంతట తనే పేలుతుంది. జంతువు చచ్చినా ఆ కణాలు చాలాకాలం సిద్ధంగానే ఉంటాయి. హైడ్రా, పగడం, జెల్లీచేప, సీ అనిమోన్, అన్నిటికీ ఇవే. అందుకే ఆ వర్గాన్ని ఇప్పుడు నిడేరియా అంటున్నారు, కుట్టేవి అని. విక్రమార్కుడి సీలెంటరేటా పాత పేరు.

బట్టీవిక్రమార్క
ఇరవై ఏళ్ళు మోసిన పేరు తీసేశారా!

నత్తనడక
నా వర్గం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నత్త పిల్లదశలో ఉన్నప్పుడు లోపలి అవయవాల మూట 180 డిగ్రీలు మెలి తిరుగుతుంది. దాంతో మలద్వారం వచ్చి తల మీద కూర్చుంటుంది. రావుగారి ఆఫీసు ఉదాహరణ ఇక్కడ ఇంకా బాగా నప్పుతుంది.

ఎనిమిదికాళ్ళు
ఇల్లు మోస్తూ నెత్తిన అదీ మోస్తావా. పాపం.

నత్తనడక
నవ్వండి. నా దాయాది ఆక్టోపస్‌కి 3 గుండెలు, నీలం రక్తం, మెదడులో కంటే చేతుల్లోనే ఎక్కువ నరకణాలు. ఇంకో దాయాది ఆల్చిప్పకి తలే లేదు. ఈ ముగ్గురం ఒకే వర్గమంటే పైకి చూసి ఎవరు నమ్ముతారు? లోపల మాత్రం అదే కండగల పాదం, అదే అవయవాల మూట, దాని మీద కప్పిన అదే ప్రావారం. గుల్లని తయారుచేసేది ఆ ప్రావారమే. ఆక్టోపస్ గుల్ల వదిలేసింది, నేను వదల్లేదు.

కుండీకింద_కుతూహలం
అర్జంటు. గ్లాసులో ఒకదానికి ఏదో రోగం వచ్చింది. నడుం దగ్గర గీత గీసినట్టు వెనక సగం పాలిపోయింది, ముందు సగం బూడిదరంగులోనే ఉంది. మా అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. మట్టి తడిపాం, ఆకులు వేశాం. ఏం తప్పు చేశాం?

రోకలిబండ_రాజు
బూజు పట్టిందేమో. మిగతావాటి నుంచి వేరు చెయ్యండి.

జువాలజీ_మాస్టారు
వద్దు, కదపకండి. రోగం కాదు, కుబుసం విడుస్తోంది. కీళ్ళకాళ్ళ జంతువులన్నిటికీ ఒంటిమీద కవచం, అది సాగదు, పెరగాలంటే విప్పాల్సిందే. బొద్దింక అయితే ఒకేసారి బయటికొస్తుంది. ఇవి రెండు విడతలుగా విప్పుతాయి, ముందు వెనక సగం, ఒకటి రెండు రోజులకి ముందు సగం. ఒక సగం మెత్తగా ఉన్నా రెండో సగం గట్టిగా ఉంటుంది. విడిచిన తోలు అక్కడే వదిలెయ్యండి, అందులో సున్నం ఉంటుంది, అదే తినేస్తుంది.

లెన్స్‌బాబు
ఫోటో ఉంటే పెట్టండి. సగం సగం కుబుసం నేను పుస్తకంలో చదవడమే గానీ చూళ్ళేదు.

కుండీకింద_కుతూహలం
రెండు రోజులయింది. మాస్టారు చెప్పినట్టే ముందు సగం కూడా విప్పేసింది. చెయ్యిలేని బనీనులా ఉంది ఆ తోలు. పొద్దున చూస్తే సగం తినేసి ఉంది. ఫోటో మసకగా వచ్చింది, ఏమనుకోకండి.

ఇంకో విశేషం. ఇంకోదాని పొట్ట కింద, ముందు కాళ్ళ మధ్య పసుపుపచ్చ ఉబ్బు కనిపిస్తోంది, అందులో ఏదో కదులుతోంది. నిన్న రాత్రి ఆకు ఎత్తితే గ్లాసు నిండా తెల్లటి చుక్కలు పాకుతున్నాయి. మా అమ్మాయి భూతద్దం పట్టుకుని లెక్కపెట్టింది. వాటికి 6 జతలే. "అమ్మా, పిల్లలు వేరే వర్గమా?" అంటోంది.

జువాలజీ_మాస్టారు
శభాష్. అది లెక్కపెట్టిందంటే నా జీతం దానికిచ్చెయ్యాలి. ఆ ఉబ్బు తల్లి పొట్ట కింది సంచి. రేకులు మూసి లోపల తడి ఉంచి గుడ్లు అందులోనే పొదుగుతుంది. సముద్రం వదిలొచ్చినా పిల్లల కోసం చెంచాడు నీళ్ళు వెంట తెచ్చుకున్నట్టు. బయటికొచ్చేటప్పుడు పిల్లలకి 6 జతల కాళ్ళే ఉంటాయి. కుబుసాలు విడిచాక ఏడో జత మొలుస్తుంది. వర్గం మారలేదని చెప్పండి.

బట్టీవిక్రమార్క
పట్టికలో "ఉదాహరణలు" గడిలో ఇది రాయమనండి. మార్కులు తగ్గిస్తే గ్లాసు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టమనండి.

కుండీకింద_కుతూహలం
గ్లాసు చిన్నదైపోయింది, ఇప్పుడే పెద్ద సీసాలోకి మార్చాం. మూత లేకపోతే పాకి బయటికొస్తాయా?

లెన్స్‌బాబు
నున్నటి గాజు మీద ఎక్కలేవు. ఆకు పుల్ల ఒకటి అంచుకి ఆనించి పెట్టారా, తెల్లారేసరికి ఇల్లంతా రొయ్య చుట్టాలే.